డైనింగ్ టేబుల్ దాటని లాప్‌టాప్

ఇంట్లోకి కంప్యూటర్ కొందామనుకుంటున్నానని ఒకసారి నోరు జారి చూడండి. అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఎక్కినవాళ్ళంతా, వాచ్‌మన్‌తో సహా, ఒకే మాట చెబుతారు. "ఇంకా డెస్క్‌టాప్ ఏంటండీ బాబూ! లాప్‌టాప్ తీసుకోండి. ఎక్కడికైనా పట్టుకెళ్ళొచ్చు." ఎక్కడికి అని మాత్రం అడక్కూడదు. అడిగితే ఆ పెద్దమనిషి కాసేపు తడుముకుని "అదే... ఎక్కడికైనా" అంటాడు. ఈలోగా ఆయన దిగాల్సిన అంతస్తు వచ్చేస్తుంది.

ఆ "ఎక్కడికైనా" ఎంత దూరమో తెలియాలంటే ఏ ఇంటికైనా వెళ్ళి చూడండి. లాప్‌టాప్ డైనింగ్ టేబుల్ మీద, ఆవకాయ జాడీకీ మంచినీళ్ళ జగ్గుకీ మధ్య కొలువై ఉంటుంది. భోజనాల వేళకి మూత దించి ఓ అడుగు పక్కకి జరుపుతారు. అదే దాని కాశీయాత్ర. పడగ్గదిలోకి తీసుకెళ్దామంటే వెనకే ఛార్జరూ రావాలి. అక్కడున్న ఒకే ఒక్క ప్లగ్ పాయింట్‌లో రెండు ఫోన్లూ దోమల మందూ అప్పటికే కాపురం పెట్టేసి ఉంటాయి. బాల్కనీలో వెలుతురుకి తెర కనపడదు. ఒళ్ళో పెట్టుకుంటే పావుగంటలో తొడలు చురుక్కుమంటాయి. దుప్పటి మీద పెడితే గాలి ఆడే సందులు మూసుకుపోయి లోపల ఫ్యాను గోల పెడుతుంది. చివరికి మళ్ళీ టేబులే గతి.

ఈ కదలని ప్రయాణానికి మనం టికెట్టు మాత్రం గట్టిగానే కొంటున్నాం. సన్నగా ఉండాలని, తేలిగ్గా ఉండాలని, మడత పడాలని, కరెంటు లేకపోయినా నడవాలని చేసిన ప్రతి ఏర్పాటుకీ ధర ఉంది. పెద్దరకం గేమింగ్ లాప్‌టాప్‌ల బ్యాటరీ చూడండి: 99 వాట్-అవర్లు, 99.9 వాట్-అవర్లు అని ఉంటుంది. ఆ చివరి చుక్క ఎందుకు పోయలేదంటే, ఎయిర్‌లైన్స్ ప్రత్యేక అనుమతి లేకుండా ప్రయాణికుడు వెంట తీసుకెళ్ళగల బ్యాటరీకి హద్దు 100 వాట్-అవర్లు. అంటే తయారుచేసినవాడు మనల్ని నెలకోసారి విమానమెక్కే మనుషులుగా ఊహించుకుని, పాపం, లెక్కలు కట్టి మరీ చేశాడు. తీరా అది మన ఇంటికొచ్చి ఆర్టీసీ బస్సు కూడా ఎక్కలేదు. కొన్నప్పుడు ఉచితంగా ఇచ్చిన బ్యాగు ఒక్కటే రోజూ ఊరు తిరుగుతుంది, టిఫిన్ బాక్సు మోస్తూ.

ఇక ఆ బ్యాటరీకి ఇంట్లో జరిగే మర్యాద. లిథియం అయాన్ బ్యాటరీకి గిట్టనివి ముఖ్యంగా రెండు. ఒకటి వేడి. రెండోది నూటికి నూరు శాతం నిండి అలాగే ఉండిపోవడం. మనం రెండిటినీ కలిపి పొద్దస్తమానం వడ్డిస్తాం, ఛార్జర్ పీకితే ఎక్కడ అశుభమోనని. 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపేసే సెట్టింగ్ చాలా లాప్‌టాప్‌లలో ఉంటుంది. దాన్ని తెరిచి చూసినవాడు మా కాలనీలో ఇంకా పుట్టలేదు.

మా పక్కింటాయన లాప్‌టాప్‌కి ఈమధ్య టచ్‌ప్యాడ్ నొక్కుడు పడటం మానేసింది. చూస్తే ఆ చోట అప్పడంలా ఉబ్బి ఉంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి పట్టుకెళ్ళాడు. రిపేరు కుర్రాడు వెనక స్క్రూలు విప్పకుండానే అడిగాడు.

"దినమంతా ఛార్జింగ్‌లనే ఉంటదా సార్?"

"అవును. ఇంట్లోనేగా ఉండేది."

"గట్లయితే బ్యాటరీ ఉబ్బింది సార్. ఒరిజినల్ ఎయ్యాల్నా, కంపాటిబుల్ ఎయ్యాల్నా?"

పక్కింటాయన ధర విని, కంపాటిబుల్ కూడా వద్దని, బ్యాటరీ తీయించేసి తెచ్చుకున్నాడు. ఇప్పుడది వైరు ఉంటేనే నడుస్తుంది. కరెంటు రెప్పపాటు పోయినా ఆరిపోతుంది. యూపీఎస్ బాధ లేదనే కదా దీన్ని కొన్నది! పోయిన వారం ఆయన యూపీఎస్ కొన్నాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. లాప్‌టాప్‌లో తెరా కీబోర్డూ ఒకదానికొకటి అతుక్కుపుట్టిన కవలలు. తెర కంటికి ఎదురుగా ఉండాలంటే కీబోర్డు గడ్డం కిందికి రావాలి. చేతులకి అందే ఎత్తులో కీబోర్డు ఉంటే మెడ వంచాలి. ఆరునెలలకి మెడ పట్టేస్తుంది. ఎవరో స్టాండు కొనమంటారు. స్టాండు మీదికెక్కాక కీబోర్డు చేతికందదు గనక విడిగా ఓ కీబోర్డు, దాని పక్కన మౌసు. వేసవి వచ్చిందని కింద కూలింగ్ ప్యాడ్. సన్నగా ఉండాలని యూఎస్‌బీ రంధ్రాలు రెండే పెట్టారు కాబట్టి ఓ హబ్బు. పద్నాలుగంగుళాల తెర మీద ఎక్సెల్ గళ్ళు చీమల బారులా కనిపిస్తున్నాయని చివరికి ఇరవైనాలుగంగుళాల మానిటర్. ఇన్నీ అమర్చి, వెనక్కి జరిగి చూసుకుంటే అచ్చం డెస్క్‌టాప్. కాకపోతే దుకాణంలో ఒక్క పూటలో కుర్రాడు బిగించి ఇచ్చేదాన్ని మనం వాయిదాల మీద, రెట్టింపు ఖర్చుతో, మెడనొప్పి అదనంగా సంపాదించుకున్నాం.

ఇంజినీరింగ్ సీటొచ్చిన ఇంట్లో హడావిడి ఇంకో రకం. స్వీట్లు పంచిన మర్నాడే ఐ7 లాప్‌టాప్ రావాలి. "కోడింగ్‌కి ఐ7 లేకపోతే కష్టమంట" అని తండ్రిగారు బ్యాంకు అప్పు కాగితాలతో సహా నమ్ముతాడు. మొదటి సంవత్సరంలో ఆ పిల్లాడు రాసే ప్రోగ్రాము, ఇచ్చిన సంఖ్య సరిసంఖ్యా బేసిసంఖ్యా అని తేల్చేది. అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్ల ల్యాబుల్లో అసెంబుల్డ్ డెస్క్‌టాపుల ముందు కూర్చుని జావా నేర్చుకుని అమెరికా వెళ్ళినవాళ్ళని అడిగి చూడండి, అక్కడ ఐ7 ఎక్కడుందో.

పైగా ఆ ఐ7 ఏ ఐ7 అన్నది అసలు ప్రశ్న. ఇంటెల్ ఏడో తరంలో ఐ7-7500యు అనే లాప్‌టాప్ ప్రాసెసర్ ఉండేది. కోర్లు రెండు. అదే తరంలో డెస్క్‌టాప్‌కి వచ్చిన ఐ5-7400లో కోర్లు నాలుగు. పేరులో ఏడు అంకె చూసి మురిసినవాడు రెండెడ్ల బండి ఇంటికి తెచ్చుకున్నాడు. గ్రాఫిక్స్ కార్డులదీ అదే కథ. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4090 పేరుతో డెస్క్‌టాప్‌కి దొరికేదానిలో 16,384 కోర్లు, అదే అంకెతో లాప్‌టాప్‌లో వచ్చేదానిలో 9,728. ఇందులో దాపరికం ఏమీ లేదు, కంపెనీవాళ్ళే వెబ్‌సైట్లో రాసి పెట్టారు. సన్నటి పెట్టెలో అంత వేడిని భరించలేక కరెంటు తగ్గించి, కోర్లు తగ్గించి, పేరు మాత్రం తగ్గించకుండా అమ్ముతున్నారు. షోరూంలో ఈ ముక్క చెప్పే సేల్స్‌మన్ ఎదురైతే నాకు చెప్పండి, సన్మానం చేద్దాం.

అమెరికాలో ఉన్న మేనల్లుడు తెచ్చే లాప్‌టాప్‌ది మరో వైభోగం. పద్దెనిమిదేళ్ళు నిండిన ప్రయాణికుడు ఒక లాప్‌టాప్‌ని కస్టమ్స్ సుంకం లేకుండా తెచ్చుకోవచ్చని రూలుంది. ఆ రూలు వృథా కాకూడదని మనవాళ్ళ పట్టుదల. వచ్చాక ప్లగ్గుకి అడాప్టర్ వెతకాలి, కీబోర్డు మీద రూపాయి గుర్తుండదు, వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో సర్వీస్ సెంటర్ దయ. అయినా "యూఎస్ నుంచి తెప్పించాం" అనడంలో ఉన్న తృప్తి పార్క్‌లేన్‌లో బిల్లు రాయించుకుంటే వస్తుందా?

లాప్‌టాప్ పక్షం వకీళ్ళకి కరెంటు ఆదా అనే వాదన ఒకటుంది. కాదనను. మానిటర్‌తో కలిపి డెస్క్‌టాప్ ఓ 60 వాట్లు ఎక్కువ తాగుతుందనుకుందాం. రోజుకి 5 గంటల చొప్పున నెలకి 9 యూనిట్లు. ఆ ఆదా అంతా కూడబెట్టి, మూడేళ్ళకోసారి ఉబ్బిన బ్యాటరీకి సమర్పించుకోవడమే.

మరి అందరూ డెస్క్‌టాపే కొనాలా? హాస్టల్లో ఉండే పిల్లకి క్యాబినెట్ మోసుకెళ్ళమని ఎవరూ చెప్పరు. ఊళ్ళు తిరిగే ఉద్యోగం ఉన్నవాళ్ళకి, ఆర్నెల్లకో అద్దెగది మారే కుర్రాళ్ళకి, గంటల తరబడి కరెంటు పోయే పల్లెల్లో ఉన్నవాళ్ళకి లాప్‌టాప్ కొనడమే న్యాయం. నా గొడవ వాళ్ళతో కాదు. ఆఫీసువాళ్ళిచ్చిన లాప్‌టాప్ ఇంట్లో ఒకటి ఉండగానే, పిల్లల క్లాసులకీ ఆవిడ ఆన్‌లైన్ బిల్లులకీ నాన్నగారి భక్తి ఛానళ్ళకీ అని రెండోది కూడా లాప్‌టాపే కొని, దాన్నీ అదే టేబుల్ మీద పెట్టేవాళ్ళతోనే.

డెస్క్‌టాప్‌లో ఉన్న అసలు సుఖం ఏ షోరూంలోనూ చెప్పరు: దాన్ని ముక్కలుగా బతికించుకోవచ్చు. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది. విండోస్ 11 ఎక్కని పాత డెస్క్‌టాప్ ఉన్నవాడు మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మార్చుకుని, క్యాబినెట్టూ మానిటరూ కీబోర్డూ పాతవే ఉంచుకోగలడు. పాత లాప్‌టాప్ ఉన్నవాడికి ఆ దారి లేదు, మొత్తం మార్చాల్సిందే. అదే ఏడాది చివర్లో ఏఐ డేటా సెంటర్ల ఆకలికి ర్యామ్ ధరలు భగ్గుమన్నాయి. డెస్క్‌టాప్ వాళ్ళకీ ఆ సెగ తగిలింది, నిజమే. కానీ వాళ్ళు ఇవాళ 8 జీబీతో సరిపెట్టుకుని, ధరలు దిగాక ఇంకో 8 గుచ్చుకోవచ్చు. సన్నటి లాప్‌టాపులు చాలావాటిలో ర్యామ్‌ని బోర్డుకే అతికించేస్తారు. కొన్ననాడు ఎంతుంటే కడదాకా అంతే.

మధ్యలో ఒక మాట. హాల్లో, అందరి కళ్ళముందు, గోడవారగా ఉండే కంప్యూటర్‌లో పిల్లాడు ఏం చూస్తున్నాడో వంటింట్లోంచి అమ్మకి తెలిసేది. తలుపు వేసుకుని దుప్పట్లో చూసే "ఆన్‌లైన్ క్లాసు"కి ఆ సౌకర్యం లేదు.

ఈ దసరా ఆఫర్లకి షోరూం మెట్లు ఎక్కేముందు ఒక్క పని చేయండి. ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న లాప్‌టాప్ పోయిన ఏడాది మొత్తంలో ఎన్నిసార్లు గడప దాటిందో ఇంటిల్లిపాదీ కూర్చుని లెక్కపెట్టండి. రిపేరు షాపుకి వెళ్ళినవి లెక్కలోకి రావు.