కన్నార్పమ్మా, కందిపప్పిస్తాం!

సింగరాయకొండకు ఆ పేరు కొండమీది దేవుడి వల్ల వచ్చింది. సింగరాయుడంటే నరసింహుడే. పాత సింగరాయకొండలో కొలువున్నది వరాహ లక్ష్మీ నరసింహస్వామి. ఒక అవతారంలో వరాహ ముఖం, ఇంకో అవతారంలో సింహ ముఖం. నైవేద్యం ఆయన దగ్గరికే నడిచి వస్తుంది కాబట్టి సరిపోయింది గానీ, కొండ దిగి అంగన్‌వాడీ సెంటరు ముందు వరసలో నిలబడాల్సి వస్తే మాత్రం ఆ స్వామికి గింజ పుట్టదు. 'ముఖం సరిపోలలేదు, మళ్లీ ప్రయత్నించండి' అంటుంది ఫోను. ప్రహ్లాదుడు వచ్చి సాక్ష్యం చెప్పినా వినదు. దానికి కావలసింది ఆధార్.

దేవుడి సంగతి అలా ఉంచితే, 2025 జులై 1 నుంచి గర్భిణులకూ, బాలింతలకూ, మూడేళ్లలోపు పిల్లల తల్లులకూ ఇదే పరీక్ష. ఇంటికి తీసుకుపోయే సరుకులు చేతికందాలంటే నెలనెలా పోషణ్ ట్రాకర్ యాప్ ముందు నిలబడి ముఖం చూపించాలి. అంతకుముందు ఒకసారి ఆధార్‌తో ఈకేవైసీ చేయించుకుని ఉండాలి. అందుకోసం వచ్చే ఓటీపీ ఆధార్‌కు జతచేసిన ఫోనుకే పోతుంది. ఆ ఫోను మొగుడి జేబులో ఉంటుంది. మొగుడు చేపల వేటకు పోయి సముద్రం మీద ఉంటాడు. బంగాళాఖాతంలో వలకు చేపలు పడతాయేమో గానీ ఓటీపీలు పడవు.

పాకల అనే ఊరి వైపు నుంచి ఆటోలో వచ్చిన ఒక తల్లిని అనుకుందాం. ఎనిమిదో నెల. చంకలో రెండేళ్ల పిల్లాడు, చేతిలో సంచి. లోపల చీకటిగా ఉందని టీచరు ఆమెను వేపచెట్టు కిందికి తీసుకొస్తుంది. ఫోను ఎత్తి పడుతుంది.

"కన్నార్పమ్మా."

ఆర్పుతుంది.

"ఇంకోసారి. కదలమాక. కొంగు తియ్యి."

పిల్లాడు ఫోను లాక్కోబోతాడు. మళ్లీ మొదలు.

"ఏంది టీచరమ్మా, నేను నేను కాదంటందా అది?"

"నువ్వు నువ్వేనని నాకు తెలుసు. దానికి తెలవాలిగా."

ఆధార్ ఫొటో ఆమె పెళ్లికి ముందుది. అప్పటి ముఖం పద్దెనిమిదేళ్ల ముఖం. ఇప్పుడు చెంపలు ఉబ్బి ఉన్నాయి, కళ్ల కింద నీరు పట్టి ఉంది. ఫోను లెక్కలో ఇది వేరే మనిషి. కానీ కాన్పులు చూసి తలపండిన ఏ ముసలమ్మనడిగినా చెబుతుంది, ఎనిమిదో నెలలో ముఖానికి నీరొస్తే వెంటనే బీపీ చూపించుకోవాలని. ఆసుపత్రి గోడల మీది బొమ్మల్లోనూ అది ప్రమాద సూచనే. యాప్‌కు మాత్రం అది దొంగతనపు సూచన. 'ముఖం సరిపోలలేదు' అన్న ఆ ఒక్క ముక్కలో ఎంత వైద్యం దాగుందో! ఎందుకు సరిపోలలేదని అడిగే బుద్ధి ఆ యంత్రానికి పుట్టించి ఉంటే ఇన్ని కోట్ల ఫొటోలకు ఒక అర్థం ఉండేది.

కన్ను సంగతీ అంతే. ఒకప్పుడు నర్సమ్మ వస్తే గర్భిణి కింది రెప్ప వేలితో లాగి చూసేది. లోపల ఎర్రగా ఉందా, పాలిపోయి ఉందా అని. రక్తం తక్కువని అనుమానించడానికి అంతకన్నా చవకైన సాధనం లేదు. ఇప్పుడూ ప్రభుత్వం కన్నే చూస్తోంది. రెప్ప ఆడిందా లేదా అని చూస్తోంది. ఆడితే ప్రాణమున్న మనిషి, ఆడకపోతే ఫొటో. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో గర్భిణుల్లో 53.7 శాతం మందికి రక్తహీనత ఉంది. ఐదేళ్లలోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు ఎదగలేదు. ఆ పాలిపోయిన రెప్పలన్నీ ఇవాళ కెమెరా ముందు చక్కగా ఆడుతున్నాయి. పరీక్షలో అందరూ పాస్.

ఇదంతా ఎందుకయ్యా అంటే జవాబు సిద్ధంగా ఉంది: అక్రమాలకు అడ్డుకట్ట, అసలైన లబ్ధిదారుకే అసలైన పోషణ. కొట్టిపారేసే మాట కాదు. అస్సాంలో అంగన్‌వాడీ జాబితాల్లో 14 లక్షల దొంగ పేర్లు దొరికాయని 2018లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖే చెప్పింది. లేని పిల్లలకు అన్నం వండినట్టు రాసుకున్నవాళ్లు ఉన్నారు, కాదనడం కుదరదు. అయితే ఆ పేర్లు రాసింది సంచి పట్టుకుని వరసలో నిలబడ్డ తల్లి కాదు కదా. కలం ఆమె చేతిలో ఎప్పుడుంది గనక?

దొంగతనం పెద్ద ఎత్తున జరిగే చోటు ఎలా ఉంటుందో చూడాలంటే మధ్యప్రదేశ్ పోవాలి. అక్కడి అకౌంటెంట్ జనరల్ కార్యాలయం తయారుచేసిన ఆడిట్ నివేదిక ఒకటి 2022లో పత్రికలకెక్కింది. తల్లులకూ పిల్లలకూ ఇచ్చే సరుకులను లారీల్లో తరలించామని బిల్లులు పెట్టారు. ఆడిట్ వాళ్లు ఆ బండ్ల నంబర్లు పట్టుకుని రవాణా శాఖలో వెతికితే కొన్ని మోటారు సైకిళ్లుగా, కొన్ని కార్లుగా, కొన్ని ఆటోలుగా తేలాయి. అది తుది నివేదిక కాదని అక్కడి ప్రభుత్వం అంది. కావచ్చు. కానీ టన్నుల కొద్దీ పిండి మోసుకుపోయిన ఆ మోటారు సైకిల్‌ను తలుచుకుంటే, సంజీవని పర్వతం ఎత్తిన ఆంజనేయుడు కూడా పక్కకు తప్పుకుని దారి ఇవ్వాల్సిందే. ఆ బండిని ఎవరైనా నిలబెట్టి 'కన్నార్పమ్మా' అన్నారా? లారీ ముఖం సరిపోలిందో లేదో చూసే యాప్ ఏదైనా ఉందా?

సుప్రీంకోర్టు 2004 అక్టోబర్ 7నే చెప్పింది, అంగన్‌వాడీల్లో ఆహార సరఫరాకు కాంట్రాక్టర్లను వాడవద్దని. రెండు దశాబ్దాలు గడిచాయి. టెండర్లు బాగున్నాయి, కాంట్రాక్టర్లు బాగున్నారు. నిఘా మాత్రం ఆటో దిగిన గర్భిణి మీదికి మళ్లింది. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు.

పోనీ ఆమె దోచుకుపోగలిగింది ఎంతని లెక్క వేద్దాం. కేంద్రం 2017లో ఖరారు చేసిన రేటు ప్రకారం గర్భిణికీ బాలింతకూ రోజుకు తొమ్మిదిన్నర రూపాయలు, పిల్లకు ఎనిమిది. జాతీయ రహదారి పక్కన టీ బంకులో ఒక టీకి పది. అంటే సింగరాయకొండ మీదుగా చెన్నై పోయే లారీ డ్రైవరు ఒక్క టీ తాగితే ఒక గర్భిణి ఒక రోజు పోషణ గుటుక్కున మింగినట్టు, పైగా అర్ధరూపాయి అప్పు. ఆ తొమ్మిదిన్నరలో 600 కేలరీలు, 18 నుంచి 20 గ్రాముల మాంసకృత్తులు రావాలని 2013లో ఆహార భద్రతా చట్టం వచ్చినప్పుడు దాని రెండో షెడ్యూలు చెప్పింది. రాష్ట్రం తన వాటాకు మించి పైన వేసుకుంటోంది కాబట్టి ఇక్కడి సంచిలో గుడ్డూ పాలూ పప్పూ కనిపిస్తున్నాయి. 2023లో కిట్టుగా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు నెలకు మూడు కిలోల బియ్యం, కిలో కందిపప్పు, అర లీటరు నూనె, 25 గుడ్లు, 5 లీటర్ల పాలు, రాగిపిండి, అటుకులు, బెల్లం, చిక్కీ, ఎండు ఖర్జూరం అన్నారు. మంచి సరుకే. ఈ మంచి సరుకు ఆ ఇంట్లో అత్తకూ మామకూ ఆడబిడ్డకూ పంచుకోగా గర్భిణి పళ్లెంలోకి ఎంత వస్తుందన్నది వేరే ముచ్చట. దాన్ని ఏ కెమెరా పట్టుకోలేదు.

విచిత్రమేమిటంటే, పట్టుకునే పద్ధతి ఒకటి ఇదే రాష్ట్రంలో ఉండేది. 2013లో ఇందిరమ్మ అమృతహస్తం అని పెట్టారు. గర్భిణులూ బాలింతలూ సెంటరుకు వచ్చి అక్కడే కూర్చుని పూర్తి భోజనం చేసేవాళ్లు. అన్నం, పప్పు, గుడ్డు, పాలు. పనిపాటలు మానుకుని మిట్టమధ్యాహ్నం రావడం అందరికీ కుదిరేది కాదు, నిజమే. మిరప కోతకు పోయిన మనిషి ఒంటిగంటకు సెంటరులో ఎలా ఉంటుంది? అయినా ఎదురుగా కూర్చుని అన్నం కలుపుకుంటున్న మనిషి ఉందో లేదో చెప్పడానికి ఎవరి ఆధారూ అక్కర్లేదు. వడ్డించిన ఆయాకు తెలుసు, ఎవరు తిన్నారో, ఎవరు తినలేక ముద్ద వదిలేశారో, ఎవరు మూడు రోజులుగా రావడం లేదో.

ఆ పథకం పేరు తర్వాత అన్న అమృతహస్తమైంది. 2020 సెప్టెంబరులో వైఎస్సార్ సంపూర్ణ పోషణ అయింది. ప్రభుత్వం మారాక బాల సంజీవని అయింది. పన్నెండేళ్లలో నాలుగు పేర్లు, నాలుగు రకాల సంచులు. లోపల ఉన్నది అదే కందిపప్పు. కాన్పుకూ కాన్పుకూ మధ్య తల్లి ముఖం కాస్త మారితే ఒప్పుకోని సర్కారు, ఎన్నికకూ ఎన్నికకూ మధ్య తన పథకం ముఖం ఇట్టే మార్చేస్తుంది. దానికి ఈకేవైసీ చేయాల్సింది ఎవరు?

ముఖాలు సరిపోల్చే ఉత్సాహం నిజంగా ఉంటే ఇంకో జంట ఉంది. అదే 2013 ఆహార భద్రతా చట్టం గర్భిణులకు ఆరు వేల రూపాయలకు తగ్గకుండా ప్రసూతి సాయం అంది. 2017లో వచ్చిన ప్రధానమంత్రి మాతృ వందన యోజన ఐదు వేలంది, అదీ మొదటి కాన్పుకే. జననీ సురక్ష పథకం డబ్బు కలుపుకుంటే సగటున ఆరు వేలవుతుందని సర్దిచెప్పారు. ఆ తర్వాత రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే ఆరు వేలిస్తామన్నారు. మొగపిల్లాడు పుడితే ఆ తల్లికి ఆకలి వేయదు కాబోలు. చట్టాన్నీ పథకాన్నీ పక్కపక్కన పెట్టి ఆ ఫోనుకు చూపిస్తే ఏమంటుందో!

ఆ ఫోను పట్టుకున్న టీచరు గురించి కూడా చెప్పాలి. పిల్లల బరువు తూచాలి, ఎత్తు కొలవాలి, ఆటపాటలు నేర్పాలి, ఇంటింటికీ తిరగాలి, కేంద్రం యాప్ ఒకటి, రాష్ట్రం యాప్ ఒకటి నింపాలి. 2021లో మహారాష్ట్రలో అంగన్‌వాడీ కార్యకర్తలు ఈ ఫోన్లతో మా వల్ల కాదని మూటగట్టి అధికారులకు తిరిగి ఇచ్చేశారు. మన దగ్గర 2023 డిసెంబరు 12న జీతాల కోసం సమ్మెకు దిగితే 42 రోజులు నడిచింది. నెలకు 11,500 వచ్చే మనుషుల మీద ఎస్మా ప్రయోగించారు. ఎస్మా అంటే అత్యవసర సేవల చట్టం. అంత అత్యవసరమైన సేవకు ఇచ్చేదాన్ని మాత్రం జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. సమ్మెలో ఉండగా కొన్ని సెంటర్ల తాళాలు పగలగొట్టి సచివాలయ సిబ్బందితో నడిపించబోయారు. తాళం పగిలింది గానీ, ఏ పిల్ల ఏ ఇంటిదో తెలిసిన మనిషి లోపల లేదు.

అమెరికాలోనూ తల్లులకూ పసిపిల్లలకూ ఇలాంటి పథకమే ఉంది, పేరు విక్. దాని మొదటి కేంద్రం 1974 జనవరిలో కెంటకీ రాష్ట్రంలోని పైన్‌విల్ అనే చిన్న ఊళ్లో తెరిచారు. అంగన్‌వాడీలను నడిపే మన ఐసీడీఎస్ పథకం 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో మొదలైంది. ఇంచుమించు ఒక ఈడు పిల్లలు. అక్కడా పేరు నమోదుకు తల్లీబిడ్డా కార్యాలయానికి రావాలన్న నియమం ఉంది. వస్తే ఎత్తు, బరువు చూస్తారు, రక్తం పరీక్ష అడుగుతారు. అంటే మనిషి రావడానికి ఒక కారణం ఉంది. తర్వాత ఆమె కార్డు పట్టుకుని మామూలు అంగడికి పోయి పాలూ గుడ్లూ కొనుక్కుంటుంది. కౌంటరు దగ్గర ఎవరూ ఆమెను కళ్లార్పమనరు. అక్కడ అంతా స్వర్గమని కాదు. ఆ పథకానికీ ఏటేటా బడ్జెట్ గొడవలు తప్పవు.

మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26న ఆధార్ తీర్పులో, ఆధార్ లేదన్న కారణంతో ఏ బిడ్డకూ పథకాల లబ్ధి ఆపకూడదని రాసింది. తీర్పు మందపాటి పుస్తకం. వేపచెట్టు దాకా ఇంకా రాలేదు.

వేపచెట్టు కింద మూడోసారికో నాలుగోసారికో ఫోను ఒప్పుకుంటుంది. తెర మీద పచ్చ గుర్తు పడుతుంది. టీచరు ఊపిరి పీల్చుకుని సంచిలో బియ్యం, పప్పు, బాలామృతం పాకెట్టు వేస్తుంది. గుడ్ల దగ్గర ఆగుతుంది.

"పాలూ గుడ్లూ ఇంకా రాలేదమ్మా. బండి రాగానే కబురు పెడతా."

"మళ్లీ ముఖం చూపియ్యాలా?"

"ఏమో, రానీ చూద్దాం. ముఖమేంది, అట్టా ఉబ్బింది? కాళ్లు చూపియ్యి."

ఆమె చీర కుచ్చిళ్లు కొంచెం ఎత్తుతుంది. టీచరు వంగి మడమ పైన బొటనవేలితో నొక్కి చూస్తుంది. గుంట పడి అట్టాగే ఉండిపోతుంది. దాన్ని నమోదు చేయడానికి ఆ తెర మీద మీట లేదు.

"సాయంత్రం లోపల ఆస్పత్రికి పో. ఆటో ఆపి ఉంచమన్నావా?" అంటూ ఆమెను లేపి, వరసలో తర్వాతి మనిషిని పిలుస్తుంది. "వెలుతుర్లోకి రామ్మా."