ప్లానులో అరుగు లేదంట!

ఏ ఊరో చెప్పను గానీ, కొత్తగా కడుతున్న ఆడపిల్లల హాస్టలు చూసొచ్చా. ఏప్రిల్ నెల, పగలు మూడు గంటలు. లోపల కాలు పెడితే కుంపట్లో దిగినట్టుంది. నెత్తిన సన్నటి కాంక్రీటు కప్పు, కిటికీలు పడమటికి! ఈ సీమలో పుట్టినోడెవడన్నా పడమటికి కిటికీ పెడతాడా?

మా రోజుల్లో మిద్దె వేస్తే మూరెడు మందం రాతిగోడ. దూలాలు, దంతెలు, వాటి మీద కంప, మట్టి, ఆ పైన చౌడు. వానలకు ముందు చౌడు కొత్తగా పోసుకోవాలి. అదో చాకిరీ, కాదనను. బద్ధకిస్తే భాద్రపదంలో మంచం మీద చుక్కలు పడేవి. అయినా నడివేసవిలో విసనకర్ర పట్టే పని లేదు, గవాచిలోంచి వెలుతురొచ్చేది. మంచి చౌడు యాడ దొరుకుతుందో చెప్పే ముసలోళ్ళు ఇంకా ఉన్నారు. రాయి చీల్చే వడ్డెరోళ్ళున్నారు. తాడిపత్రి బండలు మన అనంతపురం జిల్లావే. అడిగితే కదా!

నీళ్ళ కోసం బోరు వేశారు. అనంతపురంలో ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్ల వాన. అదన్నా పట్టుకోవద్దా? వెయ్యి చదరపు మీటర్ల కప్పు మీద ఆ వానంతా పడితే 5.5 లక్షల లీటర్లు. సగం పట్టినా సగమే. తొట్టి కట్టలేదు.

స్నానాల గదులు ఒక మూల, పడకలు ఇంకో మూల. నడిరాత్రి చిన్నపిల్ల ఒక్కతే అంత దూరం పోతుందా? ముట్టుబట్టలు ఎండలో ఆరేసుకునే చోటేది? ఒక్క తల్లిని అడిగినా చెప్పేది. 1969లో ఫాదర్ ఫెర్రర్ వచ్చిన జిల్లా ఇది. ఆయన పెట్టిన ఆర్‌డీటీ సంస్థ వాళ్ళు కట్టిచ్చే ఇళ్ళు ఆడోళ్ళ పేరునే రాస్తారు. అట్లాంటి చోట ఆడపిల్లల హాస్టలు ప్లాను ఒక్క ఆడమనిషికీ చూపించలేదు.

మీ రోజుల్లో ఆడపిల్లల్ని అసలు బడికి పంపారా తాతా, అంటుంది మనవరాలు. నోరు మూతపడుతుంది. మగపిల్లలకు కొడిగెనహళ్ళి గురుకులం 1972లోనే వచ్చింది. బడి మానేసిన ఆడపిల్లల కోసం కస్తూర్బా విద్యాలయాల పథకం పెట్టింది 2004లో. సరే, ఆలస్యంగానన్నా కడుతున్నారు. కట్టేదేదో సరిగ్గా కట్టమనే నా గోల.

బెంగుళూరుకు కూలికి పోయిన అమ్మానాయనా పిల్లను చూడ్డానికొస్తే కూర్చోను అరుగన్నా ఉండాలి కదా నాయనా, అన్నా మేస్త్రీతో. ప్లానులో లేదన్నాడు. చూపించమన్నా. అరుగు నిజంగానే లేదు. జెండా దిమ్మె మాత్రం రెండు చోట్ల గీశారు.