తోలు పుస్తకం తీర్పు

ఈ ముసలి పుస్తకానికి పదకొండు వందల ఏళ్లు. ఒళ్లంతా తోలు పుటలే. ఇంగ్లండు చరిత్రను ఏడాదివారీగా చెప్పే ఆంగ్లో-శాక్సన్ క్రానికల్ ప్రతుల్లో దీనికంటే పాతది మిగల్లేదు. మొదటి లేఖకుడు 891 దాకా రాసి కలం దించాడు. ఆ తర్వాత ఎన్ని చేతులు మారాయో! వించెస్టర్ నుంచి కాంటర్‌బరీకి, అక్కడ 16వ శతాబ్దంలో ఆర్చిబిషప్ మాథ్యూ పార్కర్ చేతికి, ఆయన చలవతో కేంబ్రిడ్జి కార్పస్ క్రిస్టీ కాలేజీకి చేరింది.

ఇందులోని యుద్ధాల్లో ఏది గొప్పదో తేల్చుకోవాలనుకునేవాళ్లు ముందు 937 దగ్గర ఆగుతారు. అక్కడ బ్రూనన్‌బర్ యుద్ధం మీద ఏకంగా 73 పాదాల పద్యముంది మరి. ఇంగ్లండు రాజు ఎథెల్‌స్టాన్, తమ్ముడు ఎడ్మండ్ కలిసి డబ్లిన్ రాజు ఓలాఫ్‌నూ స్కాట్ల రాజు కాన్‌స్టంటైన్‌నూ తరిమేశారు. ఐదుగురు కుర్ర రాజులు నేలకొరిగారు. కానీ 939లో ఎథెల్‌స్టాన్ పోయీపోగానే అదే ఓలాఫ్ యార్క్ గద్దెనెక్కాడు. పద్యం పొడుగును బట్టి మార్కులు వేస్తే ఈ పుస్తకం ఒప్పుకోదు.

825 నాటి ఎలెండన్ యుద్ధానికి దక్కినవి కొద్ది మాటలే. ఆ తేదీ కూడా రెండేళ్లు వెనక్కి జరిగి 823గా పడింది. అయితేనేం, మెర్సియాను వెసెక్స్ రాజు ఎగ్బర్ట్ ఓడించగానే కెంట్, సర్రే, ససెక్స్, ఎసెక్స్ అతని వైపు తిరిగాయి.

ఇక 878. చలికాలంలో దండెత్తి వచ్చిన డేన్లు చిప్పెన్‌హామ్‌లో తిష్ఠ వేస్తే వెసెక్స్ రాజు ఆల్‌ఫ్రెడ్ కొద్దిమంది మనుషులతో అడవులు, చిత్తడి నేలలు పట్టుకు తిరిగాడు. ఈస్టర్‌కు అథెల్నీలో చిన్న కోట కట్టుకున్నాడు. ఈస్టర్ తర్వాత ఏడో వారంలో ఎగ్బర్ట్ రాయి అనే చోటికి సోమర్సెట్, విల్ట్‌షైర్, హాంప్‌షైర్ జనం వచ్చి, రాజును చూసి సంబరపడ్డారని రాసుంది. రెండు రోజుల్లో ఎడింగ్టన్‌లో గెలుపు, ఆపైన 14 రాత్రుల ముట్టడి. మూడు వారాలకు డేన్ల రాజు గుత్రమ్ జ్ఞానస్నానం పొందాడు. ఆల్‌ఫ్రెడే అతనికి జ్ఞానతండ్రి.

నార్తంబ్రియా, ఈస్ట్ ఆంగ్లియా అప్పటికే పోయాయి, మెర్సియాలో సగం డేన్లదే. వెసెక్స్ కూడా చేజారితే ఇంగ్లీషులో చరిత్ర రాయించుకునే కొలువు మిగిలేదా? ఈ పుస్తకం పుట్టేదా? అందుకే ఎడింగ్టన్‌కే దీని మొదటి ఓటు.

1066 కింద హేస్టింగ్స్ యుద్ధం పేరైనా లేదు. రాజు హెరాల్డ్ 40 వారాల ఒక రోజు ఏలాడని, నార్మండీ విలియం వచ్చి ఇంగ్లండును గెలిచాడని ముక్తసరిగా రాసి, లేఖకుడు, కాలిపోయిన కాంటర్‌బరీ చర్చి మీదికీ తోకచుక్క మీదికీ వెళ్లిపోయాడు. ఫలితం మాత్రం పుటల్లోనే తెలిసిపోతుంది: 1070తో ఇంగ్లీషు కథనం ఆగింది, ఆ వెనక కొత్త ఆర్చిబిషప్ లాన్‌ఫ్రాంక్ చేసిన పనులన్నీ లాటిన్‌లో ఉన్నాయి. కాబట్టి హేస్టింగ్స్‌ది రెండో స్థానం, ఎలెండన్‌ది మూడు, బ్రూనన్‌బర్‌ది నాలుగు.