మేనేజరు సొమ్మెంత?

న్యూజెర్సీలో, ఎడిసన్ ఓక్ ట్రీ రోడ్డులో కూరగాయలు కొనేటప్పుడు మా బావ పక్కన నిలబడకండి. బెండకాయల్ని ఒక్కోటీ తీసి చివర తుంచి చూస్తాడు. టక్కున విరిగితే తన సంచిలోకి, సాగితే మీ వైపుకి. షాపువాడు చూస్తూనే ఉంటాడు, ఏమీ అనడు. అనగా అనగా విసుగొచ్చి మానేశాడట. ఆ చేత్తోనే బావ ఫండ్లు కూడా చూస్తాడు. అందులోనూ మునిసిపల్ బాండ్ల ఫండు.

అమెరికాలో ఊళ్లు, కౌంటీలు, స్కూలు బోర్డులు, నీళ్ల సంస్థలు బాండ్లమ్మి అప్పు తెచ్చుకుంటాయి. ఆ వడ్డీ మీద ఫెడరల్ ఆదాయపన్ను లేదు. సొంత రాష్ట్రం బాండ్లయితే మామూలుగా రాష్ట్రం పన్నూ లేదు. రెండు ఐటీ జీతాలున్న ఇంటికి ఇంతకన్నా తీపి మాట ఏముంటుంది! మా అక్కావాళ్ల ఫ్రిజ్ మీద, పిల్లాడి కరాటే టైమ్‌టేబుల్ పక్కన, బావ చేతిరాత ఒకటి అంటించి ఉంటుంది: ‘పన్నులేని 3.5 శాతం = 32 శాతం శ్లాబువాడికి పన్నుపడే 5.15 శాతం.’ ఆ కాగితం అంచులు పసుపుపచ్చబడ్డాయి. ఫండు మాత్రం ఇంకా కొనలేదు.

కొనకపోవడానికి కారణాలు లేకపోలేదు. మొదట ఖర్చు చూస్తాడు. “వందకి అరవై సెంట్లు ఫీజు పట్టుకుంటాడట. బాండ్లు తెచ్చేదే మూడున్నర. ఆరో వంతు వీడే మింగేస్తే నాకేం మిగిలింది?” అంటాడు. తర్వాత డ్యూరేషన్. అది ఆరని ఉంటే వడ్డీ రేట్లు ఒక శాతం పెరిగినప్పుడు ఫండు ధర ఇంచుమించు ఆరు శాతం పడుతుందని, ఇడ్లీ తింటున్నవాణ్ణి ఆపి మరీ చెబుతాడు. 2022లో రేట్లు ఎగబాకి మునిసిపల్ బాండ్ల సూచీ ఎనిమిదిన్నర శాతం దాకా పడినప్పుడు బావ మొహం చూసి తీరాలి. డబ్బు పెట్టనందుకు అంత సంబరపడ్డ మనిషిని నేనెక్కడా చూడలేదు. “చెకింగ్ ఎకౌంట్లో పడున్న డబ్బు ఇన్నేళ్లకి ఎంత పెరిగిందో అది కూడా చెప్పండి,” అంది అక్క వంటింట్లోంచి. బావకి ఆ రోజు సరిగా వినపడలేదు.

ఆ తర్వాత ఫండు వార్షిక నివేదిక తీసి, అందులోని వందల బాండ్ల జాబితా మీద స్కేలు పెట్టుకుని వరసవారీగా చదువుతాడు. చాదస్తమనుకునేవాణ్ణి. కానీ ప్యూర్టో రికో కథ విన్నాక నోరెత్తలేదు. ఆ ద్వీపం బాండ్ల వడ్డీకి ఏ రాష్ట్రంలోనూ పన్ను పడదు. అందుకని ఒక్క రాష్ట్రం పేరుతో నడిచే ఫండ్లు కూడా వడ్డీ కాస్త ఎక్కువొస్తుందని వాటిని కొని నింపుకున్నాయి. 2015లో అక్కడి గవర్నరు ‘ఈ అప్పు తీర్చలేం’ అనేశాడు. డెబ్భై బిలియన్ డాలర్ల పైచిలుకు అప్పు. “పేరులో న్యూజెర్సీ, పొట్టలో ప్యూర్టో రికో,” అని బావ ఇప్పటికీ అంటాడు. అన్న ప్రతిసారీ మనం నవ్వాలి.

పొగాకు బాండ్లది ఇంకో సంగతి. 1998 ఒప్పందం ప్రకారం సిగరెట్ కంపెనీలు 46 రాష్ట్రాలకి ఏటేటా డబ్బు కట్టాలి. ఆ రాబడి చూపించి కొన్ని రాష్ట్రాలు బాండ్లమ్ముకున్నాయి. సిగరెట్లు తగ్గితే రాబడి తగ్గుతుంది. బావకి సిగరెట్ వాసనే పడదు. విజయవాడ నుంచొచ్చిన వాళ్ల నాన్నగారు మంచులో, వెనక డెక్ మీద, శాలువా కప్పుకుని దొంగచాటుగా కాలుస్తుంటే రోజూ రభసే. ఒక వారం మాత్రం ఏమీ అనలేదు. మామయ్యకే అనుమానమొచ్చి, “ఏరా, ఒంట్లో బాగానే ఉందా?” అని అడిగారు. ఆ వారం బావ చూస్తున్న ఫండులో పొగాకు బాండ్లున్నాయి. ఫండుని జాబితాలోంచి కొట్టేశాక రభస యథాప్రకారం మొదలైంది.

అన్నిటికన్నా బావకి ఇష్టమైన ఘట్టం మేనేజరుది. ప్రాస్పెక్టస్ అందరూ కాకపోయినా కొందరన్నా చదువుతారు. దానికి అనుబంధంగా ఇంకో లావుపాటి పత్రం ఉంటుంది, అది బావ చదువుతాడు. తను నడిపే ఫండులో మేనేజరు సొంత డబ్బు ఎంత పెట్టాడో అందులో అంచెలుగా చెప్పాలి, ‘ఏమీ లేదు’ నుంచి ‘పది లక్షల డాలర్ల పైన’ దాకా. “ఏమీ లేదట!” అని బావ అరిస్తే ఇంట్లో ఎవరికో ఏదో అయిందని పరుగెత్తాం. “బావా, ఆయన కాపురం మసాచుసెట్స్‌లో అయితే న్యూజెర్సీ ఫండు కొని ఏం చేసుకుంటాడు? అక్కడ దానికి రాష్ట్రం పన్ను పడుతుంది కదా,” అన్నాను. బావ ఆగాడు. న్యాయంగానే ఉందని ఒప్పుకున్నాడు. “అయితే మసాచుసెట్స్ ఫండులో ఎంత పెట్టాడో చూద్దాం,” అని మళ్లీ కూర్చున్నాడు.

ఇదే మనిషి, షాద్‌నగర్ దగ్గర వెంచరు అని పెదనాన్న కొడుకు వాట్సాప్‌లో ఒక రంగుల బొమ్మ పంపితే, మర్నాటికల్లా పన్నెండు లక్షలు పంపించాడు. నడిపేవాడి అనుభవమెంత, సొంత సొమ్మెంత, ఒక్క ప్రశ్న లేదు. “మనవాడేరా,” అన్నాడు. ప్లాటు ఉంది. దానికి దారి లేదు.

హైదరాబాద్‌లో ఉన్నందుకు నాకూ కొంత పని తగిలింది. 2018లో మన నగరపాలక సంస్థ 8.9 శాతం వడ్డీకి 200 కోట్ల బాండ్లమ్మినప్పుడు ఫోన్ చేశాడు. “ఆస్తిపన్ను వసూళ్లెలా ఉన్నాయి? ఎగ్గొట్టేవాళ్లెక్కువా?” అన్నాడు. తెలీదన్నాను. “పోనీ, మీ ఇంటిది కట్టారా?” అన్నాడు. సిగ్నల్ సరిగా లేదని చెప్పాను.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఎవరైనా సలహా అడిగితే బావ తన పని మానుకుని కూర్చుంటాడు. తెలిసినాయన ఒకరు మునిసిపల్ ఫండుని తీసుకెళ్లి రిటైర్మెంట్ ఖాతాలో పెట్టుకున్నారు. అందులోంచి తీసే ప్రతి డాలరుకీ ఎలాగూ పన్ను పడుతుంది. అంటే పన్నులేని వడ్డీని ఆయనే స్వయంగా పన్నులోకి నడిపించుకెళ్తున్నాడన్నమాట. బావ రెండు సాయంత్రాలు వాళ్లింటికెళ్లి, కాఫీ కూడా పుచ్చుకోకుండా మార్పించి వచ్చాడు. ఫీజు అరవై సెంట్లు కూడా పట్టలేదు.

మొన్న ఎట్టకేలకి ఒక ఫండు గట్టెక్కింది. ఖర్చు తక్కువ, డ్యూరేషన్ సరే, ప్యూర్టో రికో లేదు, పొగాకు లేదు, మేనేజరు సొమ్ము పది లక్షల పైన. ఫారం నింపే రోజున కంపెనీ ఒక పేజీ ప్రకటన వేసింది: మేనేజరుగారు రిటైరవుతున్నారు, ఇకపై ఇద్దరు చూసుకుంటారు. నాకు ఫోనొచ్చేసరికి ఇక్కడ తెల్లవారుజాము.

“ఇద్దరైతే తేడా వచ్చినప్పుడు ఎవణ్ణి తిట్టాలిరా? అందులో ఒకడు నిన్నమొన్నటిదాకా స్టాకులు చూసుకునేవాడట. అలబామాలో జెఫర్సన్ కౌంటీ 2011లో దివాలా తీసింది మురుగు కాలువల బాండ్ల మీదే. స్టాకులవాడికి మురుగు గురించి ఏం తెలుస్తుంది?”

వెనకనుంచి అక్క గొంతు వినిపించింది. “సింకు కింద పైపు కారుతోందని దసరా నుంచి మొత్తుకుంటున్నాను. మురుగు తెలిసినాయన్ని ముందు ఇటు రమ్మనరా.”