రెండు రేకుల ప్యాడ్ ఆత్మకథ

తన కథ తానే చెప్పుకుంటున్న ఈ కిక్ ప్యాడ్ పుట్టింది జలంధర్‌లో. అయినా ఏ ఊరని అడిగితే రాయపూర్ అనే చెబుతుంది. ఒక పిడి, దాని మీద జంటగా కుట్టిన రెండు రేకులు, లోపల నురుగు ముక్కలు: ఇంతే దీని ఒళ్లు. తైక్వాండో మాస్టారు పిడి పట్టుకుని నిలబడతారు, పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి తంతారు. దెబ్బ పడగానే రేకులు ఒకదాన్నొకటి కొట్టుకుని ఠప్‌మంటాయి.

క్లాసు జరిగేది రైల్వే కాలనీలోని ఒక హాల్లో. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూర్ చేరే రైలు మార్గం 1931లో పూర్తయింది. పనులు వెతుక్కుంటూ ఆ దారినే వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగువాళ్లున్నారు. అందుకే ఈ ప్యాడ్ రోజూ మూడు భాషలు వింటుంది. హనా, దుల్, సెత్ అంటూ లెక్క కొరియన్‌లో, మందలింపు హిందీలో, గుమ్మం దగ్గర కూర్చున్న ఒక అమ్మమ్మ మాట తెలుగులో.

"ఏటే పిల్లా, కాలు అలా ఇసిరేత్తే నడుం పట్టేస్తాది!" అందావిడ ఒకరోజు మనవరాలితో.

మాస్టారికి తెలుగు రాదు. వచ్చి ఉంటే ఔననేవారు. మొదట్లో నేర్పే దొల్యో చాగీ, అంటే పక్కనుంచి తిరిగి వచ్చి పాదం పైభాగంతో తగిలే దెబ్బ, విసిరితే రాదు. ముందు మోకాలు మడిచి ఎదురుగా లేపాలి. అప్పుడు నేలమీదున్న కాలు ముని పాదం మీద తిరగాలి. దాని మడమ లక్ష్యం వైపు రావాలి. మడమ తిరిగితే తుంటి తిరుగుతుంది, తుంటి తిరిగితే మోకాలి కింది భాగం చివరి క్షణంలో ఒక్కసారిగా చాచుకుంటుంది. తగలగానే మళ్లీ మడిచి, ఆ తర్వాతే దించాలి. పాదం నేలకు అతుక్కుని తుంటి ఒక్కటే తిరిగితే ఆ మెలి మొత్తం మోకాలి కీలు మీద పడుతుంది. చిన్నపిల్లల విషయంలో ఈ ఒక్క సంగతి దగ్గర ఎంత చాదస్తంగా ఉన్నా తప్పులేదని ఈ ప్యాడ్ నమ్మకం.

తేడా దీనికి వెంటనే తెలుస్తుంది. మడమ తిరిగినవాళ్ల పాదం రేకు మీద నిండుగా పడుతుంది, రెండు రేకులూ ఒక్కసారే మూసుకుంటాయి, చప్పుడు పదునుగా మోగుతుంది. తిరగనివాళ్ల కాలు కిందినుంచి ఏటవాలుగా రాసుకుపోతుంది. మాస్టారు ఇంకో పిల్లాడి వైపు చూస్తున్నా, ఆ మెత్తటి చప్పుడు విని "ఏడీ, ఏడీ!" అంటారు. హిందీలో ఏడీ అంటే మడమ.

పిల్లలకు మాత్రం ఎత్తు కావాలి. 'తమ్ముడు' సినిమాలో పవన్ కల్యాణ్ కిక్ బాక్సింగ్ చూసి పెరిగిన నాన్నలకూ అదే కావాలి. పోటీ నియమాలు కూడా ఆశపెట్టేలాగే ఉన్నాయి: మొండేనికి తగిలితే 2 పాయింట్లు, తలకు తగిలితే 3, ఒళ్లు తిప్పి కొడితే ఇంకా ఎక్కువ. పెద్ద పోటీల్లో ఆ లెక్క చూసే పని ఎలక్ట్రానిక్ కవచాలది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో అవి వచ్చాయి. దెబ్బలో తగినంత బలం లేకపోతే అవి పాయింటు ఇవ్వవు.

నడుం ఎత్తు దెబ్బను చిన్నచూపు చూసేవాళ్లకు ఈ ప్యాడ్ ఒక పేరు చెబుతుంది: హర్యానా అమ్మాయి అరుణా తన్వర్. 2000లో సిడ్నీలో తైక్వాండో ఒలింపిక్ పతకాల క్రీడ అయింది; పారాలింపిక్స్‌లోకి మాత్రం 2021లో జరిగిన టోక్యో పోటీలతోనే వచ్చింది. అక్కడ భారత్ తరఫున ఈ క్రీడలో దిగిన తొలి క్రీడాకారిణి అరుణ. పారా తైక్వాండోలో తలమీద తన్నడం నిషేధం. పాయింట్లన్నీ మొండెం మీద పడే కాలి దెబ్బలతోనే రావాలి. ప్రపంచ స్థాయి ఆట మొత్తం ఆ ఎత్తులోనే సాగుతుంది!

రాయపూర్ మే నెల ఎండలకు హాలు నేల కాలిపోతుంది. అప్పుడు క్లాసు తెల్లవారకముందే మొదలవుతుంది. సెలవుల్లో చేరిన కొత్త పిల్లలు ఒక చెయ్యి గోడకు ఆనించి, మోకాలు లేపడం, మడమ తిప్పడం, చాచడం, మడవడం, దించడం నెమ్మదిగా చేస్తూ ఉంటారు. ఆ రోజుల్లో ప్యాడ్‌కు పని ఉండదు. అమ్మమ్మ మనవరాలు ఇప్పుడు పచ్చ బెల్టు. కొత్తవాళ్ల వెనక నిలబడి వాళ్ల మడమలు చూసే బాధ్యత ఆ పిల్లదే.