మా రోజుల్లో పుస్తకం మూసి చదివేవాళ్లం

ఈ కాలం పిల్లల పుస్తకం తెరిస్తే పేజీ నిండా పసుపు, గులాబీ గీతలే. "రివిజన్ అయిపోయింది తాతయ్యా, మూడుసార్లు చదివేశా" అంటాడు పదో తరగతి మనవడు. పుస్తకం మూసి, 1922లో గాంధీజీ సహాయ నిరాకరణను ఎందుకు ఆపేశారో చెప్పరా అంటే నోరు పెగలదు. కారణం చౌరీ చౌరా ఘటన అన్న వాక్యం కింద గీత ఉంది. బుర్రలో లేదు.

మా రోజుల్లో చదవడమంటే అప్పజెప్పడమే. దీపం పెట్టగానే ఎక్కాలు, ఆ తర్వాత పద్యం, ఆ తర్వాత పాఠం. మర్నాడు బళ్లో మాష్టారు నిన్నటి పద్యంతో వదిలేవారు కాదు. పోయిన వారానిదీ, దసరా సెలవుల ముందరిదీ అడిగేవారు. ఎవరి వంతుకు ఏది వస్తుందో తెలియదు గనక పాతవన్నీ నెమరేసుకుంటూనే ఉండేవాళ్లం.

దాన్ని బట్టీ అని తీసిపారేస్తారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. పద్యం వచ్చాక తాత్పర్యం సొంత మాటల్లో చెప్పకపోతే మాష్టారు కూర్చోనిచ్చేవారా?

మాష్టారి పద్ధతికి శాస్త్రమూ తోడుంది. మర్చిపోవడం మొదటి రోజే ఎక్కువని జర్మనీలో ఎబింగ్‌హాస్ అనే మనస్తత్వవేత్త 1885లోనే రాశాడు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే పరిశోధకులు కాలేజీ విద్యార్థుల మీద ప్రయోగం చేశారు. ఐదు నిమిషాలకే పరీక్ష పెడితే పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం ఆగి పెడితే, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు వాళ్లను దాటిపోయారు. మన పిల్లలకు పరీక్ష ఐదు నిమిషాల్లో ఉండదు, మార్చిలో ఉంటుంది.

లెక్కల సంగతి మరీ ఘోరం. గైడులో చేసి ఉన్న లెక్కను కళ్లతో చూసి "వచ్చేసింది" అంటారు. జవాబు మీద అరచెయ్యి పెట్టి, తెల్లకాగితం మీద చేస్తేగా వచ్చిందో రాలేదో తెలిసేది! పైగా త్రికోణమితి అంతా ఒకరోజు, సంభావ్యత అంతా ఇంకోరోజు. పరీక్ష పేపరులో అన్నీ కలిసే వస్తాయి కదా. ఏ లెక్కకు ఏ సూత్రమో పోల్చుకోవడం ఎప్పుడు నేర్చుకుంటారు? రెండు మూడు పాఠాల లెక్కలు కలిపి చేసుకోమనే వాళ్లే లేరు.

ఇక పరీక్ష ముందు రాత్రి ఫోనులో "ఒక్క రాత్రిలో సైన్సు" వీడియోలు. రెండింటి దాకా మేలుకుంటారు. నిద్రపోయినప్పుడే చదివింది కుదురుకుంటుందని ఆ వీడియోల వాళ్లు చెప్పరు.

పిల్లల్నే అనడం ఎందుకు, అడిగేవాళ్లు ఏరీ? వేలకు వేలు ట్యూషన్‌కు కడతారు, రాత్రి అన్నాలయ్యాక పావుగంట కూర్చుని పాఠం అప్పజెప్పించుకోరు. "ఇంగ్లిష్ మీడియం, మాకేం తెలుస్తుంది?" అంటారు. మా అమ్మకు తెలుగు అక్షరాలే రావు. అయినా బియ్యంలో రాళ్లేరుతూ వినేది. తడబడిన చోట ఆపి, మళ్లీ చదువుకుని రమ్మనేది. ఆవిడకు చేతనైంది డిగ్రీలు చదివిన వీళ్లకెందుకు చేతకాదు?