థిన్నర్ డబ్బా చెప్పిన కథ

గజ్వేల్‌లోని పెయింట్ల దుకాణం నుంచి బైక్ మీద ఎర్రవల్లికి వచ్చాను. నన్ను కొన్నది ఒక పెయింటర్. 2016 డిసెంబర్‌లో గృహప్రవేశాలైన డబుల్ బెడ్‌రూం ఇళ్ల గ్రిల్స్‌కు మళ్లీ స్ప్రే కొట్టే పని ఆయనది. నా కడుపునిండా టోలీన్, అందులో కొంత అసిటోన్.

అందరూ నన్నే అగ్గిలా చూస్తారు గానీ, అంటుకునేది నేను కాదు, నా ఆవిరి. టోలీన్‌కు 4 డిగ్రీల చల్లదనంలోనూ మండేంత ఆవిరి వస్తుంది. అసిటోన్‌కైతే మైనస్ 20 చాలు. మరి మన ఎండాకాలం 40 దాటుతుంది! పైగా ఆ ఆవిరి గాలికంటే బరువు. నేల మీద పాకుతూ, తలుపు సందుల్లోంచి పక్క గదిలోకి పోతుంది.

పెయింటర్ కొడుకు సైన్స్ ఫెయిర్ మోడల్‌కు జిగురు కావాలని తలుపేసుకుని నన్ను స్టీలు గిన్నెలో ఒంపాడు. థర్మాకోల్ ముక్కలు వేశాడు. బుసబుసమని నురగ. గిన్నెడు ముక్కలూ క్షణాల్లో గుప్పెడు తెల్లటి బంక అయ్యాయి. వాడి కళ్లు మెరిశాయి. ఆ ఆసక్తి అంటే నాకు ప్రాణం, అందుకే భయమేసింది. పక్క గదిలో అవ్వ పీట ముందు కూర్చుని దీపం ముట్టించబోతోంది.

"గీ వాసనేందిరా బిడ్డా?"

"థర్మాకోల్ కరగవెడ్తున్ననే అవ్వా."

"ముందుగాల గది బయట వెట్టు."

అగ్గిపెట్టె పక్కన పడేసి తలుపులన్నీ తీసింది. వాడు ఫ్యాన్ స్విచ్ వేయబోతే చెయ్యి పట్టి లాగింది. గ్యాస్ లీకైతే స్విచ్ ముట్టొద్దని ఆమెకు తెలుసు. నాకూ అదే లెక్క. చిన్న నిప్పురవ్వ చాలు.

2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలోని మందుల ఫ్యాక్టరీలో జరిగిందీ ఇదే. కారిన సాల్వెంట్ ఆవిరై కమ్ముకుని పేలింది. 17 మంది పోయారు. అక్కడ ఇంజినీర్లున్నారు, ఇక్కడ గదిలో పిల్లాడొక్కడే.

రాత్రి తండ్రి కేకలేయలేదు. దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాడు: ఆరుబయటే మూత తీయాలి, కూల్‌డ్రింక్ సీసాలో ఎన్నడూ పోయొద్దు. అంటుకుంటే నీళ్లు కొట్టొద్దు, టోలీన్ నీటిపై తేలి మంటను మోసుకుపోతుంది. గిన్నె మీద మూత బోర్లించాలి, లేదంటే ఇసుక పోయాలి.

మోడల్‌కు చివరికి ఫెవికాల్ పూశారు. ఆరడానికి తెల్లారేదాకా పట్టింది.